గ్లేసియర్ దగ్గర రాహుకాలం

కృష్ణప్రసాద్ చచ్చిపోయాడని తెలియగానే నాకు మొదట వచ్చింది కోపం. మూడేళ్ళుగా పళ్ళు నూరుతూ కాచుకున్న మనిషిని ఇంకెవరో నా చేతిలోంచి లాక్కుపోయారు. ఆ పని ఎవరు చేశారో పట్టుకోవాల్సింది మళ్ళీ నేనే.

డబ్లిన్ నుంచి బయల్దేరిన ఆ విహార ఓడలో తెలుగువాళ్ళం నలభై ఆరుగురం ఉన్నాం. శుక్రవారం పొద్దున్న ఓడ నార్వేలో స్కారవిక్ అనే చిన్న రేవులో ఆగింది. ఒక చర్చి, ఒక చేపల కొట్టు, రెండు కాఫీ హోటళ్ళు, అంతే ఊరు. అక్కణ్ణించి బస్సులో ఇరవై అయిదు నిమిషాలు వెళ్తే గ్లేసియర్, అంటే కొండ మీంచి జారి వచ్చే మంచునది. అది చూసి సాయంత్రం ఏడున్నరలోపు అందరూ ఓడెక్కేయాలి. మధ్యాహ్నం ఒంటిగంటా అయిదుకి గ్లేసియర్ కింది వాగులో కృష్ణప్రసాద్ శవం తేలింది.

రెండూ ముప్పై అయిదుకి నేను ఓడలోని సెక్యూరిటీ గదిలో, హత్య చేసిందన్న అనుమానం మీద కూర్చోబెట్టిన మార్తా ఎదురుగా కూర్చున్నాను. అయిదింటికి నార్వే పోలీసు వచ్చి ఆమెను తీసుకుపోతాడు. నాకున్న వ్యవధి రెండు గంటలా ఇరవై అయిదు నిమిషాలు.

మార్తా డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా పక్కింటి మనిషి. నర్సు. ఆమె ఒక్కగానొక్క కూతురు ప్రెయిస్ ముసలివాళ్ళ హోంలో కేరర్‌గా, అంటే వాళ్ళ బాగోగులు చూసే పనిలో ఉండేది. మూడేళ్ళ కిందట వరసగా రెండు డ్యూటీలు చేసి ఇంటికి బయల్దేరుతుంటే మూడోది వేశారు. అదీ చేసి, ఇంటి దారిలో లూకన్ దగ్గర కారు స్టీరింగ్ మీదే నిద్రపోయింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. హోంలకి మనుషుల్ని పంపే కంపెనీ కృష్ణప్రసాద్‌ది, ఆ డ్యూటీ కాగితం మీద సంతకమూ అతనిదే. నేను అంతకు ముందు విజయవాడలో పద్నాలుగేళ్ళు ఎస్సైగా చేసి, డబ్లిన్ వచ్చాక ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నదాన్ని. సమాధి దగ్గర మార్తా చెయ్యి పట్టుకుని, "దీనికి కారణమైనవాడి పేరు రుజువుతో సహా నీ చేతిలో పెడతాను" అని మాటిచ్చాను. ఆ మాట కోసమే ఇద్దరం ఈ ఓడెక్కాం.

"నువ్వే చంపావా?" అని అడిగాను.

"లేదక్కా."

"చంపాలనుకున్నావా?"

"రోజూ అనుకునేదాన్ని. మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని, లేచి మళ్ళీ అదే అనుకునేదాన్ని. ఈ ఒక్కదానికీ నన్ను క్షమించొద్దు ప్రభువా అని కూడా చెప్పాను."

"అది కన్ఫెషన్‌లాగే ఉంది, ఆంటీ" అన్న మాట గుమ్మంలోంచి వినిపించింది.

నితీష్. డబ్లిన్‌లోనే లెపర్డ్స్‌టౌన్‌లో అద్దాల ఆఫీసు పెట్టుకున్న డిటెక్టివ్. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు, ఆ సంగతి నాకు గుర్తుచేయడానికే ఆంటీ అంటాడు. ప్రెయిస్ ఫోన్ చూస్తూ కారు నడిపిందని రిపోర్టు రాసి కంపెనీని ఒడ్డున పడేసింది వీడే, ఈ ఓడెక్కిందీ కంపెనీ మనిషిగానే. ఆ రిపోర్టు చదివాక మార్తా రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను మాత్రం బాగా తిన్నాను, వీడి సంగతి తేల్చడానికి ఓపిక కావాలని.

"ఎవిడెన్స్ చూడండి" అంటూ నితీష్ మార్తా ఫోన్ నా ముందు పెట్టాడు. పొద్దున ఎనిమిదీ పదికి కృష్ణప్రసాద్ పంపిన మెసేజ్: 'మార్తాగారూ, మీకు ఒక నిజం చెప్పాలి. మధ్యాహ్నం 1:45కి గ్లేసియర్ దగ్గరికి ఒంటరిగా రండి.'

"ఒకటీ నలభై అయిదుకి రమ్మంటే పన్నెండింటికే ఎందుకెళ్ళావు మార్తా?"

"కాళ్ళు నిలవలేదక్కా. తొమ్మిదిన్నర నుంచి ఊళ్ళో చర్చిలోనే కూర్చున్నా. అక్కడి పాస్టరమ్మ కాఫీ ఇచ్చింది. ఆవిడే పదకొండూ ఇరవై అయిదు బస్సు ఎక్కించింది. పదకొండూ యాభైకి అక్కడ దిగా. అక్కడ దారికి అడ్డంగా కట్టిన తాడు దాకా నడిచెళ్ళి, ఏడ్చుకుంటా నిలబడ్డా. ఆయన రాలేదు."

"రాకేం, వచ్చారు" అన్నాడు నితీష్. "బుచ్చిబాబు గారు పన్నెండింటికి ఆయన్ని లైవ్‌గా చూశారు. ఈమె అక్కడున్నది పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. మోటివ్ ఉంది, టైం ఉంది. చర్చి కథ పదకొండున్నర ముందుది, మనకి అక్కర్లేదు. కేసు గ్రాండ్‌గా క్లోజ్ అయింది."

మంచునీళ్ళలో నానిన శవాన్ని చూసి ఏ డాక్టరూ చచ్చిన టైం కచ్చితంగా చెప్పలేడు. కాబట్టి కేసంతా బుచ్చిబాబు మాట మీదే నిలబడి ఉంది. నా మనసు మాత్రం ఇంకోచోట పడింది. మనవాళ్ళు ఎవరినైనా రమ్మంటే ఒకటిన్నరకి రమ్మంటారు, లేకపోతే రెండింటికి రమ్మంటారు. ఈ నలభై అయిదేమిటి?

బుచ్చిబాబు రెండూ యాభైకి ఓడ లాంజ్‌లో దొరికాడు. కృష్ణప్రసాద్ కంపెనీకి మేనేజర్, పదిహేనేళ్ళుగా ఆయన నీడ. నీలం జాకెట్ వేసుకుని, ఎర్రటి కళ్ళతో, చేతిలో టిష్యూ పట్టుకుని కూర్చున్నాడు. టిష్యూ పొడిగానే ఉంది.

"ఆయ్, పది గంటలకి బస్సు దిగామండి. మిగతా జనం అవతలి గట్టు దారిన పోయారండి. పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తది కదండి, సారు ఇంక కదల్లేదండి. బస్ షెల్టర్లో కూర్చుండిపోయారు. నేనూ తోడు కూర్చున్నానండి."

"ఎంతసేపు?"

"పన్నెండు దాకానండి. పన్నెండు అవగానే, 'హమ్మయ్య, రాహుకాలం పోయింది బుచ్చీ, నువ్వు ఊళ్ళోకి పో, నేను పైకెళ్ళొస్తా' అన్నారండి. నేను పన్నెండూ అయిదు బస్సెక్కేశానండి. ఆవిడ అప్పటికే పైకి నడిచి పోతా ఉందండి. ఆ మొహం చూసి నాకే భయమేసిందండి."

"ఆయన మార్తాని 1:45కి రమ్మన్న సంగతి మీకు తెలుసా?"

"ఫోన్లో మెసేజ్ కొట్టింది నా పక్కనేనండి. ఏం చెప్పాలనుకున్నారో మాత్రం దేవుడికెరుకండి."

వినడానికి ఎక్కడా వంక పెట్టడానికి లేదు. కృష్ణప్రసాద్ రాహుకాలంలో అడుగు బయట పెట్టడని డబ్లిన్ తెలుగువాళ్ళలో తెలియనివాడు లేడు. ఓడెక్కిన రోజు కూడా రాహుకాలం పోయేదాకా పెళ్ళాంతో సహా ట్యాక్సీలోనే కూర్చున్నాడు. మేమంతా చాటుగా నవ్వుకున్నాం. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, అది ప్రతి ఇంటి క్యాలెండర్‌లోనూ ఉంటుంది.

మూడు గంటలకి ప్రభావతి గారి గది తలుపు తట్టాను. ఆవిడ కృష్ణప్రసాద్ భార్య. తలుపు తీసి, నన్ను చూసి, పక్కకి తప్పుకోలేదు.

"సంతోషంగా ఉందా లీలారాణి గారూ?"

"లేదండీ. ఒళ్ళు మండుతోంది. ఆయన్ని డబ్లిన్ పోలీసుల ముందు నిలబెట్టి నోరు విప్పించాలనుకున్నాను. ఎవడో ఆ నోరు మూసేశాడు."

అబద్ధం చెప్పనందుకేనేమో, లోపలికి రానిచ్చింది.

"ఒక్కటే అడుగుతాను. మార్తాని 1:45కి రమ్మన్నారు. ఎందుకా టైము?"

"ఒకటీ నలభైకి రాహుకాలం పోతుంది కదా, అందుకు."

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు కదండీ?"

"అది పొద్దున ఆరింటికి తెల్లారి, సాయంత్రం ఆరింటికి పొద్దు గూకే ఊళ్ళకమ్మా. ఇక్కడ ఇవాళ సూర్యుడు నాలుగూ ఇరవైకే వచ్చాడు, రాత్రి పదకొండుకి గానీ పోడు. ఆ పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కో భాగం రెండు గంటలా ఇరవై నిమిషాలు. శుక్రవారం నాలుగోది రాహుకాలం. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి సూర్యుణ్ణి బట్టే లెక్క కట్టేవారు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే కట్టి, డైరీలో రాసుకునేవారు. నవ్వుతారని ఎవరికీ చెప్పేవారు కాదు."

దిండు కింద నుంచి చిన్న డైరీ తీసి పేజీ చూపించింది. సన్నటి అక్షరాలు: 'సూ.ఉ. 4:20. సూ.అ. 11:00. రా.కా. 11:20 – 1:40. తర్వాత మార్తా.'

నా చెవుల్లో బుచ్చిబాబు గొంతు మోగింది. 'హమ్మయ్య, రాహుకాలం పోయింది బుచ్చీ.' పన్నెండింటికి ఈ మనిషి ఆ మాట అని ఉండడు. అతని లెక్కలో అది నట్టనడి రాహుకాలం.

"పొద్దున ఏం తీసుకెళ్ళారండీ?"

"రాగి చెంబు. మంచు కరిగిన నీళ్ళు గంగతో సమానం, తెస్తానన్నారు. పసుపు, కుంకుమ పొట్లం నేనే కట్టిచ్చాను. పదకొండూ ఇరవై లోపలే ముంచేస్తానన్నారు."

"పక్కన?"

"బుచ్చిబాబు. ఎప్పుడూ బుచ్చిబాబే."

"ఇదంతా నితీష్‌కి చెప్పలేదా?"

"ఆ అబ్బాయి అడిగింది ఒకటే, ఆయనకి శత్రువులు ఎవరని. మార్తా పేరు చెప్పాను. మీ పేరు కూడా చెప్పాను." ఆవిడ డైరీ నా చేతిలో పెట్టింది. "పని అయ్యాక తెచ్చివ్వండి. వెనక పేజీలు నేనింకా చదవలేదు, చదివే ధైర్యం లేదు."

మూడూ పన్నెండుకి ట్యాక్సీ ఎక్కాను. నేనేదో సాక్ష్యం మారుస్తానన్న అనుమానంతో నితీష్ కూడా ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. మూడూ యాభై రెండుకి ఇద్దరం గ్లేసియర్ ముందు, దారికి అడ్డంగా కట్టిన తాడు దగ్గర నిలబడ్డాం. కొండ సందులోంచి నీలంగా, మురికిగా మంచు దిగి ఉంది. దాని కిందనుంచి వాగు ఉరుకుతోంది. తాడుకి అవతల ముప్పై అడుగుల దూరంలో, నీటి అంచున ఒక పెద్ద బల్లపరుపు రాయి.

నితీష్ ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి నా మొహం ముందు పెట్టాడు. రాయి మీద ఎర్రటి మరక.

"బ్లడ్. మధ్యాహ్నం ఇక్కడ నుంచే జూమ్ చేసి తీశాను. ఆమె అక్కడ కొట్టి నీళ్ళలోకి తోసేసింది."

"ఆ రాయి దగ్గరా?"

"ఆ రాయి దగ్గరే. హండ్రెడ్ పర్సెంట్."

"రాసుకో. తర్వాత మాట మార్చకు."

తాడు దగ్గర నారింజ రంగు జాకెట్ వేసుకున్న గడ్డం గైడు ఉన్నాడు. ఈ తాడు ఎప్పుడు కట్టావని అడిగాను. ఎండెక్కితే మంచు పెళ్ళలు విరిగి పడతాయట. అందుకని రోజూ పదకొండున్నరకి అతను వచ్చి, రాయికి అవతల ఉండే తాడుని ఇక్కడికి జరుపుతాడు. అప్పటినుంచి సాయంత్రం అయిదింటికి డ్యూటీ దిగేదాకా ఇక్కణ్ణించి కదలడు. ఆ తర్వాత ఎవరూ ఉండరు, తాడు మాత్రం ఉంటుంది.

"ఇవాళ పదకొండున్నర తర్వాత ఎవరైనా దాటారా?"

ఒక్కరూ దాటలేదన్నాడు. ఒక ఆడమనిషి తాడు పట్టుకుని ముప్పావుగంట ఏడ్చిందని, ఆమెకి తన ఫ్లాస్కులో టీ ఇచ్చానని కూడా చెప్పాడు.

నితీష్ మొహంలో రంగు మారింది. నేను వాణ్ణి చూడనట్టు నటించాను, కానీ బాగా చూశాను. మూడేళ్ళ ఆకలి నాది.

గైడు నాకు హెల్మెట్ పెట్టి, రెండు నిమిషాలు మాత్రమే అన్నాడు. రాయి దగ్గరికి వెళ్ళి ఫొటోలు తీశాను. రాయి మధ్యలో ఎరుపు, దాని చుట్టూ పసుపు. రాళ్ళ సందులో అంచు సొట్టపోయిన రాగి చెంబు. కొంచెం ఎరుపు వేలికి అంటించుకుని వెనక్కి వచ్చి నితీష్ ముక్కు ముందు పెట్టాను.

"వాసన చూడు."

"ఆంటీ, ప్లీజ్..."

"చూడరా! రక్తమైతే ఈపాటికి నల్లబడేది. ఇది కుంకుమ. నదిలో చెంబు ముంచే ముందు పసుపూ కుంకుమా పెడతారు. మీ అమ్మ పెట్టలేదా? అడ్డాల నాడు ఎప్పుడైనా చూసి ఉంటావు, అద్దాల ఆఫీసుకొచ్చి మర్చిపోయావు. ఇది పెట్టింది కృష్ణప్రసాద్, పదకొండున్నర లోపల. అప్పటికి మార్తా చర్చి నుంచి బస్సులో వస్తోంది. మరి పన్నెండింటికి ఆయన్ని ప్రాణాలతో చూసిందెవరు?"

"బుచ్చిబాబు గారు..." అని గొణిగాడు వాడు.

"ఆ నోటితోనే ప్రెయిస్ ఫోన్ చూసిందని చెప్పావు" అన్నాను. "అప్పుడూ ఎవరినీ అడగలేదు. కంపెనీ చెప్పింది రాసుకున్నావు. ఇప్పుడూ అంతే. డబ్లిన్ వెళ్ళాక నీ రిపోర్టు నీ చేతే చింపించకపోతే నా పేరు లీలారాణి కాదు."

వాడు పక్కకి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసుకున్నాడు. పరువు కోసం కిందా మీదా పడుతున్నాడనుకుని పట్టించుకోలేదు. అది నేను చేసిన మొదటి తప్పు.

తిరుగు ప్రయాణంలో డైరీ వెనక పేజీ తిప్పాను. అదీ పొద్దున రాసిందే.

'ఆ రాత్రి ప్రెయిస్‌కి మూడో డ్యూటీ వేసింది బుచ్చి. పిల్ల ఫోన్ చేసి ఏడ్చింది. వర్క్ పర్మిట్ రద్దు చేయించేస్తానని బెదిరించాడు. నాకు మర్నాడు తెలిసింది. తెలిసీ సంతకం పెట్టాను. ఇవాళ మార్తాకి చెప్పేస్తాను. డబ్లిన్ వెళ్ళగానే పోలీసులకి కూడా.'

రెండుసార్లు చదివాను. కృష్ణప్రసాద్ మీద కోపం పోలేదు, తెలిసీ సంతకం పెట్టినవాడు తర్వాత ఎంత పశ్చాత్తాపపడినా నాకు మంచివాడు కాడు. కానీ మూడేళ్ళు నేను గురి పెట్టింది సంతకానికి. ఆ సంతకం వెనక ఒకడు టిష్యూ పట్టుకుని కూర్చుని, ఈ మధ్యాహ్నం నాతో అండీ అండీ అంటూ అబద్ధం చెప్పాడు.

నాలుగూ ముప్పై రెండుకి రేవులో దిగాం. పోలీసు ముందే వచ్చి ఉన్నాడు. ఫొటోలు చూపించాను, గైడుతో ఫోన్‌లో మాట్లాడించాను, రాహుకాలం లెక్క కాగితం మీద వేసి చూపించాను. అతను ఆ లెక్క తనే మళ్ళీ వేసి చూసుకుని తలూపాడు. మార్తాని వదిలేయమని ఓడకి కబురు చేసి, బుచ్చిబాబు కోసం నితీష్‌ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాడు.

మార్తా మెట్లు దిగి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తెల్ల స్వెట్టర్ చేతులు కిందికి లాక్కుని, "ఎవరక్కా?" అని అడిగింది.

డైరీ పోలీసుకి ఇవ్వాలి. పద్నాలుగేళ్ళు ఎస్సైగా చేసినదానికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. కానీ సమాధి దగ్గర పట్టుకున్న చెయ్యి అది. మూడేళ్ళుగా ఆ చెయ్యి ఖాళీగా ఉంది. పేజీ తెరిచి ఆమె చేతిలో పెట్టాను. పెడుతుంటే నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

మార్తా చదివింది. 'పిల్ల ఫోన్ చేసి ఏడ్చింది' అన్నచోట వేలు పెట్టి ఆగింది. తర్వాత డైరీ మూసి జాగ్రత్తగా నాకిచ్చేసింది.

"మాట నిలబెట్టుకున్నావక్కా" అంది. "మొహం కడుక్కొస్తాను."

బస్టాండ్ వైపున్న బాత్రూముల దిక్కుగా నడిచింది. నేను ఓడ మెట్ల దగ్గరికి వెళ్ళి, బుచ్చిబాబుని తీసుకొచ్చే దృశ్యం కోసం నిలబడ్డాను.

నాలుగూ నలభై ఎనిమిదికి పోలీసు దిగాడు. ఒక్కడే. వెనకాల నితీష్.

"లేడు" అన్నాడు నితీష్. "ఆయన ఓడ కార్డు నాలుగూ ఇరవైకే బయటికి స్వైప్ అయింది."

"గ్లేసియర్ దగ్గర నువ్వు ఫోన్ చేసింది ఎవరికి?"

"క్లయింట్‌కి. అది ప్రొసీజర్, ఆంటీ. కంపెనీ తరఫున ఇప్పుడు... బుచ్చిబాబు గారే కదా."

"ఏం చెప్పావు?"

"రాయి మీద కుంకుమ దొరికిందని. రేపొద్దున్న పోలీసులు శాంపిల్ తీసేదాకా అక్కడే ఉంటుందని. గైడు అయిదింటికి వెళ్ళిపోతాడని కూడా..."

మిగతాది వినలేదు. నేను తీసిన ఫొటోల సంగతి ఈ మూర్ఖుడు బుచ్చిబాబుకి చెప్పి ఉండడు. కుంకుమ కడిగేస్తే సరిపోతుందనుకుని వాడు మళ్ళీ పైకే పోతాడు. బస్టాండ్‌కి పరిగెత్తాను. బాత్రూములో ఎవరూ లేరు. బస్సూ లేదు. టికెట్ల కిటికీలో ముసలామె ఉంది.

గ్లేసియర్ బస్సు నాలుగూ నలభై అయిదుకే పోయిందని చెప్పింది. ఈ వేళప్పుడు ఎవరూ పోరు, ఇవాళ ఇద్దరున్నారంది. నీలం జాకెట్ ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు కదలబోతుంటే తెల్ల స్వెట్టర్ ఆవిడ పరిగెత్తుకొచ్చి వెనక సీటు ఎక్కింది.

"తిరుగు టికెట్?" అని అడిగాను.

"ఆయన తీసుకున్నాడు. ఆవిడ వద్దంది."

పోలీసు ఆయాసపడుతూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. కారు ఇక్కడే ఉంది, వాళ్ళు ఎటు వెళ్ళారని అడిగాడు. మార్తా చేయని హత్య నుంచి ఆమెను ఇప్పుడే విడిపించాను. చేయబోయే హత్యకి పేరు కూడా నేనే అందించాను. ఆమెను ఆపాలి. ఆపాలని తెలుసు. అయినా నోరు పెగల్లేదు. గైడు లేని ఆ తాడు దగ్గర బుచ్చిబాబు ఒంటరిగా వంగి రాయి కడుగుతూ ఉండటం కళ్ళకి కట్టింది. ఫోన్‌లో ఏడ్చిన ప్రెయిస్ గొంతు నేను వినలేదు గానీ, అప్పుడు వినిపించింది.

నేను చెయ్యి ఎత్తి కొండ దారి చూపించేసరికి, కిటికీ పైనున్న గడియారంలో ఒక నిమిషం గడిచిపోయింది.